తోడుపెండ్లికూతురి గుడ్డలు: కొలత, వాపసు, హక్కు

పెండ్లికి కొన్న గుడ్డ సరిపోక అంగడికి తిరిగి తీసుకుపోవడం కూడా చరిత్ర కిందికి వస్తుందా అని అడిగేవారుంటారు. వస్తుందనే నా వాదం. రాజుల పట్టాభిషేకాలూ, దండయాత్రలూ, సంధిపత్రాలూ చరిత్ర అయినప్పుడు, ఒక తల్లి అంగడి మెట్టు ముందు నిలబడి “అన్నా, ఇది మా బిడ్డకు పట్టలేదు, మార్చియ్యన్నా” అని అడగగలగడం ఎందుకు చరిత్ర కాకూడదు? ఆమె అలా అడగడానికి గుడ్డకొక కొలత ఉండాలి. ఆ కొలత తన బిడ్డకు చెందవలసినదే గాని, బిడ్డ ఆ కొలతకు చెందవలసినది కాదన్న ఎరుక ఉండాలి. అంగడి మెట్టు ఎక్కే అధికారం ఉండాలి. ఈ మూడూ ఒకేనాడు పుట్టినవి కావు. ఒక్కొక్కదాని వెనుకా ఒక్కొక్క పోరాటమో, ఒక్కొక్క దోపిడీయో ఉంది.

బద్వేలునే తీసుకుందాం. రైలు లేని ఊరు. మైదుకూరు, నెల్లూరు, పోరుమామిళ్ల, సిద్ధవటం దారులు కలిసేచోట పెరిగిన సంత ఊరు. చుట్టుపట్ల పల్లెల్లో కాస్త కలిగినవారు పెండ్లి జవళికి ప్రొద్దుటూరు పోతారు. బంగారమూ గుడ్డలూ అక్కడ ఒకే వీధిలో తెమిలిపోతాయని. లేనివారికి బద్వేలే ప్రొద్దుటూరు. ఈ జవళి తీయడంలో ఒక వరస ఉంది. ముందు పెండ్లికూతురి పట్టుచీరె, తలంబ్రాల చీరె, పెండ్లికొడుకు గుడ్డలు; తర్వాత వియ్యపురాలు, ఆడబిడ్డలు, మేనమామలు; ఆ తర్వాత అలిగే స్వభావం గల పెద్దలందరూ. డబ్బు అడుగంటిన తర్వాత జ్ఞాపకం వచ్చే మనిషి తోడుపెండ్లికూతురు. పెండ్లికూతురి చెల్లెలో, చిన్నాన్న కూతురో, ఎనిమిదేండ్లదో పదునాలుగేండ్లదో, పెండ్లిపీటల దాకా అక్క వెంట నడిచే పిల్ల. ఆ పిల్లకు కుట్టించే తీరిక ఉండదు కనుక రెడీమేడ్ కొంటారు. పిల్లను వెంట తీసుకుపోయి ఉండరు కనుక చేత్తో చూపి “ఇంత ఉంటుంది” అని చెబుతారు. ముహూర్తానికి రెండు రోజుల ముందు తొడిగి చూస్తే చంకల దగ్గర ఎక్కదు, లేదా భుజాల మీద నిలవదు.

ఇక్కడ మొదలయ్యే తగవును ఇంటి గొడవగా కొట్టిపారేస్తాం. నిజానికి ఇది సరుకుకూ మనిషికీ మధ్య తగవు.

మన సాంఘిక చరిత్రకు ద్వారం తెరిచినవాడు సురవరం ప్రతాపరెడ్డి. 1949లో వెలువడిన ఆయన ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ కావ్యాల్లో నుంచి తిండీ గుడ్డా ఆటా పాటా ఏరి చూపించింది. ఆ ఋణం తీరేది కాదు. కాని కావ్యాలు ఆధారంగా రాసిన వస్త్ర చరిత్రకు ఒక పరిమితి ఉంది: కావ్యంలో గుడ్డలు కట్టుకున్నవారు పెట్టె నిండా గుడ్డలున్నవారే. మా పక్కనున్న పోరుమామిళ్ల చెరువు శాసనం చూడండి. 1369 నాటిది. రోజుకు వెయ్యిమంది కూలీలూ, రాతిపనికి వంద బండ్లూ రెండేండ్లపాటు పనిచేశారని ఆ శాసనం చెబుతుంది. కట్ట పొడవు, వెడల్పు, ఎత్తు కొలతలతో సహా రాయి మీద చెక్కించారు. ఆ వెయ్యిమందీ ఒంటి మీద ఏం కట్టుకున్నారో రాయి చెప్పదు. కట్టకు కొలత ఉంది, కట్ట కట్టినవాడికి లేదు.

లేకపోవడానికి ఒక కారణం ఉంది. మన పూర్వుల గుడ్డలో అధికభాగం కత్తిరించని గుడ్డ. పంచె, కోక, పైగుడ్డ – మగ్గం మీద నుంచి దిగినది దిగినట్టే ఒంటికి చుట్టుకునేవి. కుట్టడం మనకు తెలియదని కాదు. సూది, కత్తెర అన్న మాటలు మనకు పాతవే. కంచుకమూ కూర్పాసమూ సంస్కృత కావ్యాల్లో ఉన్నవే. కాని కుట్టిన గుడ్డ కొలువుకూ, సైన్యానికీ, వేషానికీ చెందినది. శ్రీనాథుడిదిగా ప్రసిద్ధమైన చాటువొకటుంది: కర్ణాట రాజదర్శనానికి పోయి కుళ్ళాయి పెట్టుకొని, పెద్ద కూర్పాసం తొడుక్కొని తాను పడిన పాట్లు ఏకరువు పెట్టుకున్నాడు. కుట్టిన గుడ్డలోకి దూరడం ఆయనకు ఒక లొంగుబాటుగా తోచింది. పదహారవ శతాబ్దపు లేపాక్షి చిత్రాల్లో కుళ్ళాయిలూ పొడుగాటి అంగీలూ తొడుక్కున్న పురుషులు కనిపిస్తారు. అవి కొలువు మనుషుల ఉడుపులు. దర్జీ, జేబు అన్న మాటలు పారసీకం నుంచీ, బొత్తాం పోర్చుగీసు నుంచీ మనకు చేరాయంటేనే కుట్టుపని ఏయే వాకిళ్లలో పెరిగిందో ఊహించవచ్చు.

కత్తిరించని గుడ్డకు సైజు లేదు. అమ్మ కోక కూతురు కడుతుంది, కూతురిది కోడలు కడుతుంది. లావెక్కినా చిక్కినా కుచ్చెళ్లలో సర్దుకుంటుంది. కొనేవాడికి మార్చుకోవలసిన పని లేదు, అమ్మేవాడికి వాపసు భయం లేదు. దీన్ని చూసి మన ప్రాచీన వస్త్రధారణలో గొప్ప సమానత్వం ఉందని మురిసిపోయే పెద్దలున్నారు. వారితో నాకు పేచీ. కొలత లేని గుడ్డ అందరికీ పట్టేది నిజమే. ఎనిమిదేండ్ల పిల్లకు కూడా పట్టేది. చీరె చుట్టబెట్టి పీటల మీద కూర్చోబెడితే పసిబిడ్డ పెండ్లికూతురైపోయేది. ‘కన్యాశుల్కం’లో కరటకశాస్త్రి తన శిష్యుడికి ఆడవేషం వేసి లుబ్ధావధాన్లుకు కట్టబెట్టాడు. ఆ మోసం సాగడానికి ముసలివాడి ఆత్రం ఎంత అవసరమో, కొలత లేని చీరె కూడా అంతే అవసరం. లోపల ఉన్నది ఆడో మగో, పిల్లో పెద్దో అడగని గుడ్డ అది. 1892లో ఆ నాటకం ఆడినప్పుడు ప్రేక్షకులు నవ్వింది వేషానికే కావచ్చు. ఆ వేషం అంత సులువుగా కుదిరిన సంఘం గురించి గురజాడ నవ్వలేదు.

కొలత మొదట మనిషికి రాలేదు, గుడ్డకు వచ్చింది. తెచ్చినవాడు వర్తకుడు. కోస్తా మగ్గాల గుడ్డను తూర్పు ఇండియా కంపెనీవారు పుంజాల లెక్కన కొనేవారు. పుంజమంటే నూట ఇరవై పడుగు పోగులు. ఇన్ని పుంజాలు, ఇంత పొడవు, ఇంత పన్నా అని ఒప్పందం, ముందు బయానా, తర్వాత గిడ్డంగిలో తనిఖీ. మొదటి రకం, రెండవ రకం, మూడవ రకం అని విడదీసి, నచ్చనిదాన్ని నేతగాడి మొహాన కొట్టేవారు. ధర తగ్గించి రకం దించడమూ, తిప్పికొట్టిన గుడ్డను బయట అమ్ముకోబోతే అడ్డుపడడమూ గోదావరి మండలాల్లోనూ, విశాఖ మండలంలోనూ పద్దెనిమిదవ శతాబ్దం చివర నేతగాండ్ర తిరుగుబాట్లకు కారణమయ్యాయి. మా విద్యార్థులు ఒక సంగతి గుర్తుపెట్టుకోవాలి: తెలుగు దేశంలో “కొలత సరిగా లేదు, వాపసు తీసుకో” అన్న మాటను పెద్ద ఎత్తున పలికినవాడు కొనుక్కునే పేదవాడు కాదు, కొనే కంపెనీ. ఆ మాట విన్నవాడు అంగడివాడు కాదు, మగ్గం గుంటలో కూర్చున్నవాడు.

1800లో నిజాం మన జిల్లాలను కంపెనీకి దత్తం చేశాడు. 1807 దాకా ఇక్కడ పరిపాలించిన థామస్ మన్రో తర్వాత 1813లో పార్లమెంటు ముందు చెప్పిన సాక్ష్యం రెండు విధాల పేరుపొందింది. బారామహల్‌లో కంపెనీ నౌకర్లు ముఖ్యులైన నేతగాండ్రను పోగుచేసి, తమకే నేస్తామని ఒప్పుకునేదాకా కాపలా పెట్టారని ఆయనే చెప్పాడు. అదే సాక్ష్యంలో, తాను ఒక భారతీయ శాలువను ఏడేండ్లు వాడినా అందులో పెద్ద తేడా కనిపించలేదనీ, ఊరికే ఇచ్చినా ఐరోపా శాలువ వాడననీ అన్నాడు. ఎంత మంచి బేరగాడో చూడండి! ఏడేండ్లు చెక్కుచెదరని శాలువ నేసినవాడికి ఆ ఏడేండ్లలో ఎంత దక్కిందో పార్లమెంటు అడగలేదు, ఆయన చెప్పలేదు. మగ్గం మీద మాత్రం మొహతర్ఫా పన్ను మద్రాసు రాజధానిలో 1860ల మొదటిదాకా సాగింది. నరసాపురం దగ్గరి మాధవాయపాలెం పేరు ‘మదపోలం’గా మారి, చివరికి ఇంగ్లండు మిల్లుల్లో నేసిన గుడ్డకు పేరై కూర్చుంది. అదే గుడ్డ పేరుతో సహా తిరిగి మనకే అమ్ముడుపోయింది. వాపసు అంటే అదీ ఒక రకం వాపసే.

మనిషి ఒంటికి కొలత తెచ్చినది, ఆడవారి విషయంలో, రవిక. ఈ చిన్న గుడ్డ ముక్క చరిత్ర రాయవలసిన రీతిలో ఇంకా ఎవరూ రాయలేదు. సీమ పల్లెల్లో పొలం పనికి పోయే ముసలివారు రవిక లేకుండా కోక కట్టుకోవడం మొన్న మొన్నటిదాకా మనం చూసినదే. అది వారి ఇష్టమా, అలవాటా, లేక నిషేధం అలవాటుగా మారిందా అన్నది కులాన్ని బట్టి, ఊరిని బట్టి మారుతుంది. తిరువాన్కూరులో నాడారు స్త్రీలు రవిక తొడిగే హక్కు కోసం అర్ధ శతాబ్దం పోరాడారు. 1859 ప్రకటన ఆ హక్కు ఇచ్చింది. పై కులాల స్త్రీల మాదిరిగా మాత్రం తొడగకూడదన్న షరతుతో ఇచ్చింది. మహద్‌లో 1927లో అంబేడ్కర్ దళిత స్త్రీలతో చీరెకట్టు మార్చుకొమ్మని చెప్పినప్పుడు ఆయన అందం గురించి మాట్లాడలేదు. చూడగానే కులం తెలిసేట్టు కట్టించిన కట్టును విప్పేయమన్నాడు.

రవికకు కొలత కావాలి. కొలత తీయాలంటే టేపు పట్టుకున్న చెయ్యి ఒంటిని తాకాలి. ఇక్కడ కులం అడ్డం వచ్చింది. పదకొండు రాష్ట్రాల్లో 565 గ్రామాలు పరిశీలించి 2006లో ప్రచురించిన అంటరానితనం అధ్యయనంలో, దళితుల కొలతలు తీయడానికి దర్జీలు ఒప్పుకోని ఊళ్ల ప్రస్తావన ఉంది. రాజ్యాంగం 15వ అధికరణంలో అంగళ్లలో ప్రవేశాన్ని పేరెత్తి మరీ రాయవలసి వచ్చిందంటే, 1950 నాటికి ఈ దేశంలో అంగడి మెట్టు ఎంత ఎత్తున ఉండేదో తెలుస్తుంది. ముట్టుకుంటేనే సరుకు మైలపడుతుందన్న చోట, ఒంటికి తొడిగి చూసి “పట్టలేదు, మార్చియ్యి” అనే మాట ఎవరి నోటినుంచి వస్తుంది?

రవిక గుడ్డది ఇంకొక కథ. పెండ్లిలో ముత్తైదువలకు పసుపు కుంకుమలతో పాటు పెట్టే రవిక ముక్క ఎవరి కొలతా కాదు. సన్నగా ఉండేవారికి మిగులుతుంది, లావుగా ఉండేవారికి చేతులకు చాలదు. చాలినా చాలకపోయినా కుట్టించుకునేవారు అరుదు. అది పెట్టెలో చేరి, వచ్చే పెండ్లిలో ఇంకొకరి ఒడిలోకి పోతుంది. రెండేండ్లు ఊరంతా తిరిగి మొదటి ఇంటికే వచ్చిన రవిక ముక్కను గుర్తుపట్టి నవ్వుకోని ఆడవారు సీమలో ఉండరు. దీన్ని పిసినారితనమని వెక్కిరిస్తారు. అందులో ఒక తెలివి ఉంది. కత్తెర పడనంతవరకూ గుడ్డ డబ్బుతో సమానం, మారుతుంది. కత్తెర పడిందా, అది ఒక్క మనిషిదైపోయి మారకం ఆగిపోతుంది. అర్థశాస్త్రంలో ఉపయోగపు విలువ, మారకపు విలువ అని మనం తరగతిలో చెమటోడ్చి బోధించే పాఠం మా ఊరి ముత్తైదువలకు రవిక ముక్కతో బోధపడింది.

కత్తెర పట్టినవాడి మాట చెప్పుకోవాలి. బద్వేలు పక్కనే కందిమల్లయ్యపల్లె. అక్కడి వీరబ్రహ్మం శిష్యుల్లో ముఖ్యుడు సిద్దయ్య దూదేకుల ఇంటి బిడ్డ. దూది ఏకేవారు, వడికేవారు, నేసేవారు, కుట్టేవారు, అద్దేవారు – గుడ్డ మొదలు నుంచి చివర దాకా శ్రమచేసే కులాలన్నీ ఈ సీమలో ఉన్నాయి: దూదేకుల, తొగట, పద్మశాలి, దేవాంగ. మాధవరం మగ్గాలు ఇప్పటికీ ఆడుతున్నాయి. మన మెట్ట సీమ పండించిన పత్తి, మన మనుషుల చేతుల మీదుగా, మన మనుషుల ఒంటి మీదికి చేరేది. ఈ వరుసలో చివరివాడు దర్జీ. పందొమ్మిదవ శతాబ్దం చివరి దశాబ్దాల్లో సింగర్ కుట్టుమిషను భారతదేశంలో వాయిదాల మీద అమ్ముడుకావడం మొదలయింది. యంత్రాలను అంతగా వ్యతిరేకించిన గాంధీగారు 1924లో సింగర్ మిషనుకు మినహాయింపు ఇచ్చారు. 1930లలో కలకత్తాలో ఉషా మిషను తయారై, స్వతంత్రం వచ్చాక చిన్న ఊళ్లకూ చేరింది. బట్టల అంగడి అరుగు మీదే ఒక పక్కన మిషను వేసుకుని కూర్చున్న దర్జీ మన చిన్నతనాల్లో ప్రతి జవళి అంగడికీ ఒక అంగం.

ఆ దర్జీ తోడుపెండ్లికూతురికి కుట్టిన పట్టుపావడను జ్ఞాపకం చేసుకోండి. కింది అంచుకు పైన రెండు మూడు మడతలు వేసి పొడుగు కుట్టేవాడు. పిల్ల ఎదిగేకొద్దీ ఏటా ఒక మడత విప్పేవారు. విప్పినచోట పాత రంగు గీతలా నిలిచేది. ఆ గీతలు లెక్కపెడితే పిల్ల వయసు తెలిసేది. జాకెట్టు పక్కల్లో రెండు వేళ్ల గుడ్డ లోపల దాచేవాడు. “పెరిగే పిల్ల గదా, వదిలినాలేమ్మా” అనేవాడు. ఆ లోపలి రెండు వేళ్ల గుడ్డే మన పెద్దల మార్పిడి హక్కు. అంగడివాడి దయ మీద గాని, గడువు మీద గాని ఆధారపడినది కాదు. గుడ్డ తప్పయితే గుడ్డనే విప్పి మళ్లీ కుట్టేవారు. పిల్లను తప్పుపట్టేవారు కారు. దర్జీ బతుకు స్వర్ణయుగమని నేననడంలేదు. పెండ్లిండ్ల నెలల్లో రాత్రింబగళ్లు లాంతరు ముందు కళ్లు పోగొట్టుకున్నాడు, ఆషాఢంలో పస్తులున్నాడు, కూలి ధాన్యంగానో అప్పుగానో తీసుకున్నాడు. ఆడపిల్లకు చదువుకన్నా కుట్టుపని చాలునని మిషను ముందు కూర్చోబెట్టిన ఇండ్లూ ఉన్నాయి. అయినా కొలిచేవాడూ, కుట్టేవాడూ, సరిదిద్దేవాడూ ఒకే మనిషి. ఆ మనిషి తొడుక్కునేవారి ముఖం ఎరిగినవాడు. ఇది మాత్రం పోయింది.

పోయింది యుద్ధాల వల్ల. వింతగా తోచవచ్చు. వేలమందికి ఒకేసారి ఉడుపులు కుట్టవలసి వచ్చినప్పుడు ఒక్కొక్కడినీ కొలవడం కుదరదు. 1861–65 అమెరికా అంతర్యుద్ధంలో సైనికుల కొలతలు పోగుచేసి చూస్తే, ఛాతీ ఇంత ఉన్నవాడికి నడుము సుమారు ఇంత ఉంటుందని తేలింది. ఆ లెక్క యుద్ధం తర్వాత పురుషుల రెడీమేడ్ వ్యాపారానికి పెట్టుబడి అయింది. స్త్రీల విషయంలో 1939–40లో అమెరికా వ్యవసాయశాఖ సుమారు పదిహేనువేల మంది స్త్రీల ఒళ్లు కొలిపించింది. 1941లో ఫలితాలు అచ్చయ్యాయి. 1958లో దాని మీద ఆధారపడి ప్రమాణం ప్రకటించారు. కొలతకు వచ్చిన శ్వేతేతర స్త్రీల లెక్కలను ఫలితాల్లో చేర్చలేదు. 1983లో ఆ ప్రమాణాన్ని ప్రభుత్వమే ఉపసంహరించుకుంది. ఈలోగా ఆ జాతి కొలతలు, బ్రిటిషు కొలతలతో కలిసి, ఎస్, ఎమ్, ఎల్ అన్న అక్షరాలై ప్రపంచమంతా వ్యాపించాయి. భారతీయులకు తమవంటూ కొలతల పట్టిక కోసం జాతీయ ఫ్యాషన్ టెక్నాలజీ సంస్థ పని ప్రకటించింది 2018లో – హైదరాబాదుతో సహా ఆరు నగరాల్లో పాతికవేల మందిని కొలవాలని. ఆరూ నగరాలే. బద్వేలు మెట్టపొలంలో కలుపుతీసే మనిషి భుజం వెడల్పు ఏ పట్టికకూ ఎక్కలేదు. రెడీమేడ్ మీది అంకె బద్వేలు పిల్లకు సరిపోలేదంటే ఆశ్చర్యం లేదు. సరిపోయిన సందర్భాలే ఆశ్చర్యం.

మా తాలూకాలో ఈ తప్పు కొలతకు మరొక మూలం ఉంది. కడప జిల్లా నుంచి వేలాది స్త్రీలు కువైట్‌లో ఇంటిపనికి పోయారు, పోతున్నారు. ముప్పయ్యేండ్లు నిండని స్త్రీకి ఆ దేశాల్లో ఇంటిపనికి వలస అనుమతి ఇవ్వరు కనుక, సక్రమంగా పోయేవారిలో చాలామంది ఎదిగే పిల్లలను అమ్మమ్మల దగ్గర వదిలిపెట్టి పోయిన తల్లులే. చెల్లెలి పెండ్లికో, మరిది పెండ్లికో అక్కడినుంచి గుడ్డలు పంపుతారు. పంపే తల్లి కండ్లలో ఉన్నది తాను విమానం ఎక్కిననాటి బిడ్డ. ఫోనులో ముఖం చూస్తుంది, ఎత్తు తెలియదు. మూడేండ్ల నాటి కొలతకు ఒక అంకె కలిపి కొంటుంది. పెట్టె విప్పితే గౌను మోకాళ్లు దాటదు. దాన్ని ఏ అంగడిలో మార్చుకోవాలి? నేనెరిగిన ఇండ్లలో ఇలాంటి గౌన్లను పారవేయరు, ఇంకొకరికి ఇవ్వరు. మేకుకు తగిలించి ఉంచుతారు. పెండ్లికి ఆ పిల్ల పాత పావడే కడుతుంది.

ఇక బద్వేలులోనే కొన్నవారి సంగతి. “అక్కా, బోర్డు చూసుకోలేదా?” – అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు. కాస్త పెద్ద అంగడి అయితే వారంలోగా, ఆదివారం కాకుండా, ట్యాగు తీయకుండా, బిల్లుతో రావాలి. డబ్బు ఇవ్వరు, వేరే సరుకు తీసుకోవాలి. పెండ్లి జవళి తీసేది ముహూర్తానికి వారం ముందు. తొడిగి చూసేది పసుపు దంచే రోజున. అప్పటికి మార్చడానికి అదే రంగు, అదే అంచు ఉండదు. అక్క చీరెకు జోడీ అని కొన్న రంగు అది. గడువు వ్యాపారి పెట్టాడు, ముహూర్తం పురోహితుడు పెట్టాడు. నడుమ నలిగేది పదేండ్ల పిల్ల.

చట్టం ఏమంటుంది? 1986లో వినియోగదారుల రక్షణ చట్టం వచ్చింది. దాని స్థానంలో వచ్చిన 2019 చట్టం 2020 జూలైలో అమలైంది. బిల్లు ఇవ్వకపోవడమూ, లోపం ఉన్న సరుకును బిల్లులో చెప్పిన గడువులోగా – గడువు చెప్పకుంటే ముప్పయి రోజుల్లోగా – వాపసు తీసుకొని డబ్బు ఇవ్వకపోవడమూ అక్రమ వాణిజ్య పద్ధతులని అందులో ఉంది. మంచిదే. అయితే ఇరుకైన గౌనులో లోపం ఏముంది? కుట్టు గట్టిది, రంగు పోదు, ట్యాగు మీద అంకె ప్రకారమే ఉంది. చట్టం దృష్టిలో సరుకు సవ్యం. లోపం పిల్ల ఒంట్లో ఉంది! కంపెనీవాడు పుంజం తక్కువైన గుడ్డను నేతగాడి మొహాన కొట్టినప్పుడు, కొలత నిర్ణయించినవాడే తప్పు నిర్ణయించాడు. ఈనాడూ అంతే. పట్టిక రాసినవాడిది తప్పు కాదు, కుట్టించినవాడిది కాదు, అమ్మినవాడిది కాదు. ఇంటికొచ్చి ఆడవారంతా ఆ పిల్లనే చూస్తారు: “తిని తిని ఇట్లయినావు”, లేదా “ఎంత పెట్టినా ఒంటికి పట్టదు దీనికి.” పెండ్లి ఇంట్లో ఆ మాట విన్న పిల్ల దాన్ని చాలాకాలం మరచిపోదు. మన విమర్శకులు పరాయీకరణ అని పెద్ద పుస్తకాల్లో వెతుకుతున్నది ఇదే.

అంగడిలో ఎదురుపడే రెండవ మనిషిని కూడా చూడాలి. మారుస్తాననో మార్చననో చెప్పవలసింది గల్లా దగ్గరి యజమాని. వచ్చినవారి కోపం ముందు నిలబడేది గుడ్డలు మడతపెట్టే ఆడపిల్ల. నిలబడేది అన్నది అక్షరాలా నిజం. బట్టల అంగళ్లలో పనిచేసే స్త్రీలకు కూర్చునే హక్కు కోసం కేరళలో ఉద్యమం నడిచి 2018లో చట్టం సవరించారు; తమిళనాడులో 2021లో సవరించారు. కూర్చోవడానికి శాసనసభ తీర్మానం కావలసిన వృత్తి అది. తోడుపెండ్లికూతురి తల్లీ, ఈ అమ్మాయీ ఒకే పల్లె బస్సు దిగి వచ్చినవారై ఉంటారు. “నా చేతుల్లో ఏముందక్కా, సారు ఒప్పుకోడు” అని ఒకరు, “నువ్వే గదమ్మా సరిపోతాదని చెప్పినావు” అని మరొకరు. సారు గల్లా దగ్గర డబ్బు లెక్కపెడుతుంటాడు.

చిన్న అంగడివాడికీ వెసులుబాటు లేదని న్యాయంగా ఒప్పుకోవాలి. అతను టోకు వర్తకుడి దగ్గర తెచ్చిన సరుకులో సైజుల కట్ట కట్టగానే వస్తుంది. నడిమి సైజులు అమ్ముడై చివరివి మిగులుతాయి. వాటిని టోకువాడు వెనక్కు తీసుకోడు. టోకువాడి వెనుక కుట్టించే కాంట్రాక్టరు, అతని వెనుక కుట్టేవారు. మన సీమలోనే రాయదుర్గం జీన్సు ప్యాంట్ల కుట్టుకు పేరుపొందింది. అక్కడ కూలి ముక్కల లెక్కన. కుట్టు వంకరపోతే ఆ ముక్క కూలి పోతుంది. 2013 ఏప్రిల్ 24న ఢాకా దగ్గర రాణా ప్లాజా కూలినప్పుడు పదకొండు వందలకు పైగా గుడ్డలు కుట్టేవారు చనిపోయారు. ముందురోజు గోడలు పగుళ్లు వారిన సంగతి తెలిసీ వారిని లోపలికి పంపింది సరుకు గడువు. బద్వేలు అంగడిలో గడువుకూ ఆ గడువుకూ చుట్టరికముంది. పైవాడు కిందివాడికి తిప్పి ఇవ్వగలడు. కిందివాడు పైవాడికి తిప్పి ఇవ్వలేడు. నేతగాడి కాలం నుంచీ వాపసు హక్కు ప్రవహించే దిశ మారలేదు.

కాబట్టి తల్లి ఆ గౌను తీసుకొని బస్టాండు పక్క సందులో మిషను పెట్టుకున్నామె దగ్గరికి పోతుంది. ఇప్పుడు ఆ పని ఎక్కువగా ఆడవారిదే: చీరెలకు ఫాలు, పీకో, జాకెట్లు, ఆల్టరేషన్లు. ఆమె గౌను తిరగేసి పక్క కుట్టు వేళ్లతో తడిమి చూస్తుంది. లోపల వదిలిన గుడ్డ లేదు. ఫ్యాక్టరీలో అంగుళం గుడ్డ మిగిలిస్తే వేల గౌన్లకు వేల అంగుళాలు. ఆ లెక్క ఆమెకూ తెలుసు. “విప్పడానికేం లేదక్కా ఇందులో. నీ రవిక ముక్కలేమన్నా ఉంటే తే, పక్కల్లో వేసి అతుకుతా. చేతులకింద గదా, కనపడదు” అంటుంది. తల్లి ఇంటికి పోయి పెట్టె తెరుస్తుంది. ఎవరి పెండ్లిలోనో ఒడిలో పెట్టినవి, ఎవరికీ కుట్టనివి, నాలుగైదు ముక్కలు ఉండనే ఉంటాయి. గౌను రంగుకు దగ్గరగా ఉన్నదొకటి ఏరి తీసుకొని, పొద్దు గుంకేలోగా మళ్లీ బస్టాండు సందుకు నడుస్తుంది.